డ్రాగన్‌ని వదిలేసి రొట్టె వెంట పడ్డారు

"అన్నా, పోయిన వారం కూడా రొట్టె ఇంతే ఉందా?"

ఇవాళ గేమ్ మధ్యలో మా దొంగ పాత్రధారి అడిగాడు. నేను కథ చెబుతుంటే, నలుగురు స్నేహితులు అందులో తలా ఒక పాత్రగా ఆడే గేమ్ ఇది. కొండ మీద డ్రాగన్ ఎదురుచూస్తోంది. నలుగురూ మాత్రం రొట్టెల కొట్టు ముందు ఆగిపోయారు.

తప్పు నాదే. ఊరు కాస్త నిజమైన ఊరిలా ఉండాలని 1266 నాటి ఇంగ్లండ్ రొట్టెల చట్టం తెచ్చి పెట్టాను. ఆ లెక్క భలే ఉంటుంది. రొట్టె ధర మారదు. ఫార్దింగ్ రొట్టె ఎప్పుడూ ఫార్దింగే, అంటే పెన్నీలో పావు వంతు. గోధుమల రేటు పెరిగితే రొట్టె బరువు తగ్గుతుంది. అంతకన్నా తగ్గించి అమ్ముతూ దొరికితే జరిమానా. మళ్లీ మళ్లీ చేస్తే మెడా చేతులూ చెక్కలో బిగించి అందరి ముందూ నిలబెట్టేవాళ్లు.

నేనన్నది ఒక్క ముక్క, "రొట్టె కొంచెం చిన్నదిగా ఉంది" అని. డ్రాగన్ పొలాలు తగలబెట్టిందని హింట్ అన్నమాట! వీళ్లేమో తక్కెడ అరువు తెచ్చి తూకం వేశారు. పాపం, ఆ కొట్టు ముసలాయన పాత్రలో రెండు గంటలు ఒట్లు పెట్టుకుంటూ కూర్చున్నాను.

మధ్యలో టీ, బిస్కెట్లు వచ్చాయి. ఐదు రూపాయల ప్యాకెట్ చింపి లోపలికి తొంగిచూశాడు మా దొంగ. "ఇక్కడా గోధుమల రేటు పెరిగినట్టుందన్నా" అన్నాడు.

ఒక్క క్షణం అందరూ గప్‌చుప్. అప్పుడు వెలిగింది.

డ్రాగన్ వచ్చే ఆదివారానికి వాయిదా. ముసలాయనకి క్షమాపణగా ఒక బస్తా గోధుమలు కొనిస్తారట. దాని ధరెంతో ఇప్పుడు నేను వెతకాలి.