ఏడు దెబ్బల దరువుకు రెండు మొదటి గళ్లు: జంపఖానా పని ఎక్కడిదాకా వచ్చింది

తయారవుతున్నది ఆరడుగుల చదరపు జంపఖానా. పిల్లలు దాని మీద నిలబడి, దరువు విని, ఎవరూ నేర్పని అడుగులు సొంతంగా కూర్చుకోవాలి. అడుగులు పడే గళ్లు ఎక్కడ ఉండాలో డప్పు కొట్టేవాళ్లు, పేరిణి నృత్యం నేర్చినవాళ్లు, వరంగల్ కొత్తవాడ నేత తెలిసినవాళ్లు కలిసి తేల్చాలి. అందుకే మగ్గం దాకా పోకముందు సాదా పాత జంపఖానా మీద ఆట చూస్తున్నాం.

ఈ విడత దరువులు మూడు. వేగం మూడింటికీ ఒకటే, నిమిషానికి 100 దెబ్బలు. మొదటిది ఎనిమిది దెబ్బల సాదా వరుస. రెండోది అదే వరుస, నాలుగో దెబ్బా ఏడో దెబ్బా వదిలేసి. మూడోది మూడు, నాలుగుగా విరిగే ఏడు, అంటే మిశ్ర చాపు. ఒక్కోటి రెండు నిమిషాలు, నడుమ ఒక నిమిషం నిశ్శబ్దం. ఏది ముందో చీటీలు తీసి చూడాలి. ఎప్పుడూ ఒకే వరుసలో కొడితే చివరిదానికి కాళ్లు అలసి అడుగు చిన్నదవుతుంది, అది దరువు వల్లేనని పొరబడతాం.

అన్నిటికన్నా పనికొచ్చింది ఏడు దెబ్బల దరువు. దెబ్బకో అడుగు వేస్తే ఎనిమిదిలో ప్రతి ఆవర్తం, అంటే దరువు ఒక చుట్టు, కుడికాలితోనే మొదలవుతుంది. ఏడులో ఒకసారి కుడి, మరుసారి ఎడమ. దాంతో ఎనిమిదికి ఆడేవాళ్లు ఒకే పక్కకు మొగ్గుతూ అంచుకు చేరుతున్నారు, ఏడుకు ఆడేవాళ్లు అటూ ఇటూ ఊగి మళ్లీ నడిమికి వస్తున్నారు. గడి 12 అంగుళాలు, వరుసకు ఆరు, మొత్తం 36. ఆరు సరిసంఖ్య కనుక నడిమి గీతకు చెరోపక్కా ఒక్కో మొదటి గడి, అంటే ఆవర్తం మొదటి అడుగు పడే గడి, చక్కగా అమరుతుంది. ఒక్క మొదటి గడి పెడితే ఏడు ఆడే పిల్లలు ప్రతి రెండో ఆవర్తంలో తడబడతారు.

దెబ్బ వదిలిన చోట పాదం ఆగి, నడుమో భుజమో ఆ ఖాళీని అందుకుంటుంది. కొత్త కదలికలు ఎక్కువగా పుట్టేది అక్కడే. ఎనిమిదిలో నాలుగు దెబ్బలు వదిలేస్తే మాత్రం లయ చెయ్యిజారి ఉత్త నడకే మిగులుతుంది. లయ మరీ సాదాగా ఉన్నా, మరీ చిక్కుగా ఉన్నా ఆడాలన్న కోరిక తగ్గుతుందని, మధ్యస్థంగా ఉన్నప్పుడే ఎక్కువని 2014లో అచ్చయిన ఒక పరిశోధన కూడా చెప్పింది.

తెలిసిన దరువు తెలిసిన అడుగునే పిలుస్తుంది. బతుకమ్మ పాట నడక వినిపిస్తే చాలు, అందరూ వంగి చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతారు. పేరిణి నేర్చిన ఒళ్లు మృదంగం వినగానే అరమండిలోకి, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమలోకి, దిగుతుంది. మొదటి అర నిమిషం చేతులు నడుము మీదే ఉంచమంటే ఆ అలవాటు కొంత విడుతుంది. రామప్ప గుడిలోని మదనికల (నాట్యభంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాల) ఫొటోలు చూపించి ఆడించడం పిల్లలకు నచ్చుతుంది కానీ, భంగిమను అనుకరించే ధ్యాసలో దరువు వినడం మానేస్తారు. ఈ పనికి అవి వద్దు.

డప్పును ప్రతి విడతకు ముందు గడ్డి మంట దగ్గర కాచాలి. వానాకాలం తోలు మెత్తబడితే దెబ్బ మొద్దుబారి, అడుగు ఎక్కడ పడాలో కాలికి తేలదు. డప్పు కొట్టే రెండు కర్రలు, సిర్ర, సిటికెన పుల్ల, మార్చకూడదు. బరువు మారితే మోత మారుతుంది.

వీడియో సెకనుకు 60 ఫ్రేములు. ఈ వేగంలో దెబ్బకూ దెబ్బకూ నడుమ 36 ఫ్రేములు వస్తాయి. వెలుతురు తక్కువైతే ఫోన్ తనంతట తానే ఫ్రేములు తగ్గిస్తుంది, లెక్క చెడుతుంది. మొదట్లో కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టి గుర్తు పెట్టుకోవాలి. రికార్డు చేసిన దరువు వాడితే స్పీకర్‌కు తీగే కలపాలి. బ్లూటూత్‌తో మోత సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఆలస్యంగా వస్తుంది. గజ్జెలు విప్పించాలి, లేకపోతే డప్పు మోతను మింగేస్తాయి. వీడియో చూసేటప్పుడు ముందు ఆడినవాళ్లే మాట్లాడాలి, కొట్టినవాళ్లు తర్వాత.

నున్నటి బండల మీద జంపఖానా జారి, మలుపుల్లో ముడతపడుతోంది. కింద రబ్బరు వల పరిస్తే ఆగుతోంది. ఇక ఐదు దెబ్బల దరువు, ఖండ చాపు, చూడాలి. అదీ బేసే కనుక రెండు మొదటి గళ్లు దానికీ సరిపోవాలి. ఈలోపు రంగు గుడ్డ ముక్కలను గళ్లుగా కుట్టి చూస్తాం. పిన్నులు వద్దు, పాదాలకు గుచ్చుకుంటాయి. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా నేతలోనే గళ్లు రావాలంటే ఒక జాగ్రత్త ఉంది. రెండు రంగుల పేకలు (అడ్డపోగులు) కలిసే నిలువు గీత దగ్గర పోగులు ఒకదానిలో ఒకటి పెనవేయకపోతే సందు మిగులుతుంది, అందులో పిల్లల కాలివేళ్లు చిక్కుతాయి. నేతకు ఇచ్చే గీతపటంలో ఆ గీతలన్నిటికీ విడిగా గుర్తు పెట్టాలి.