చిన్నమ్మ దగ్గరున్న అడ్రసు

పొద్దున ఆరున్నరకే చిన్నమ్మ ఫోన్ చేసింది, "నాయనా, ఈ పొద్దు వాయిదా, గుర్తుంది గదా" అని. కోడుమూరు బస్సు దిగి ఆమె కర్నూలు కొత్త బస్టాండులోకి వచ్చేసరికి నేను బండితో అక్కడే ఉన్నా. ఉగ్గాని, బజ్జి తిని పోదాం రా అంటే వద్దంది. కోర్టు పని అయ్యేంతవరకు ఆమెకు గొంతులోకి ఏమీ దిగదు, ఆరేళ్లుగా ప్రతి వాయిదా రోజూ ఇదే వరస.

కేసు చిన్నదే. చిన్నాయన పోయాక ఆయన వాటాకు రావాల్సిన రెండెకరాల ముప్పై సెంట్లు విడదీసి ఇమ్మంటే బావలు ఇవ్వలేదు, భాగం దావా వేసింది. మధ్యలో పెద్ద బావ కూడా చనిపోయాడు. అక్కడి నుంచి కేసు ఏమైందో చిన్నమ్మకు తెలియదు, నాకూ తెలియదు. ఎప్పుడడిగినా "వాయిదా పడింది" అనే మాట ఒక్కటే ఇంటికి వచ్చేది.

పదిన్నరకు కోర్టు మొదలైంది. హాల్లో ముందు కుర్చీలు లాయర్లవి, వెనక బెంచీ అప్పటికే నిండిపోయింది, మిగతా జనమంతా వరండాలోనే నిలబడి ఉన్నారు. తలుపు పక్కన అంటించిన లిస్టులో మాది 47వది. చంకలో కాగితాల సంచులు పెట్టుకున్న ముసలోళ్లు, పసిబిడ్డను ఎత్తుకున్న ఒకామె, అందరూ చెవులన్నీ బంట్రోతు గొంతు మీదే పెట్టుకుని ఉన్నారు. పేరు పిలిచినప్పుడు లేకపోతే కేసు కొట్టేస్తారని భయం, అందుకని నీళ్లు తాగడానికి కూడా చిన్నమ్మ కదలలేదు. పన్నెండున్నరకు పిలిచినారు. ఈమె గబగబా లోపలికి పోయి చేతులు జోడించి నిలబడింది. జూనియర్ లాయరు ఇంగ్లీషులో రెండు ముక్కలు అన్నాడు, జడ్జిగారు కట్ట మీద ఏదో రాసినారు, క్లర్కు తేదీ చెప్పినాడు, అంతే. నిమిషం కూడా పట్టలేదు. జడ్జిగారిని నేను తప్పుపట్టడం లేదు, ఆయన బల్ల మీద కట్టలు ఆయన తలకంటే ఎత్తున్నాయి. కానీ ఆ నిమిషంలో ఏం జరిగిందో, ఆరేళ్లుగా తిరుగుతున్న మనిషికి తెలుగులో ఒక్క వాక్యం చెప్పేవాళ్లు ఆ హాలు మొత్తంలో లేకపోవడం నాకు చాలా బాధనిపించింది.

బయట వరండాలో లాయరు సార్ కనిపిస్తే చిన్నమ్మ వెంట పడింది. "సార్, ఏమైంది సార్ మాది?" "అయితాదిలేమ్మా, నేను చూసుకుంటా, నువ్వు పో" అని ఇంకో కోర్టు హాల్లోకి వెళ్లిపోయాడు. కసిరాడని చెప్పను, మర్యాదగానే అన్నాడు. కానీ డాక్టరు దగ్గరకు పోతే జ్వరం ఎంతుందో అయినా చెబుతాడు కదా. ఆ వెనకే గుమాస్తా వచ్చి ఖర్చులకని మూడు వందలు తీసుకున్నాడు, ఎప్పట్లాగే రసీదు లేదు. కూలికి పోయి తెచ్చిన డబ్బులు, చీర కొంగు విప్పి తీసి ఇచ్చింది.

నేను పోయి అడుగుతానంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు నాయనా, కోపమొస్తే మన కాగితాలు ఇయ్యడు, కేసు వదిలేస్తాడు" అంది. ఇంత భయం పెట్టుకుని ఆరేళ్లు గడిపిందని ఇవాళే తెలిసింది నాకు. ఫీజు బాకీ ఉన్నా సరే, కక్షిదారు కాగితాలు లాయరు అట్టిపెట్టుకోకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పిందని ఆమెకు చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెట్టుకునే హక్కుంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఒక దరఖాస్తు ఇస్తే చాలు, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఫస్టు రోజు ఎవురన్నా చెప్పింటే కమ్మలు అమ్మకపోదును" అంది చివరికి.

టీ అంగడి దగ్గర పక్కనోళ్లు హైకోర్టు గురించి మాట్లాడుకుంటున్నారు, కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందం దగ్గర నుంచి అడుగుతున్నామని, అది కర్నూలుకే రావాలని. నాకూ రావాలనే ఉంది, ఇక్కడి నుంచి అమరావతికి పోయి రావడం పేదోళ్లకు అయ్యే పని కాదు. అయితే చిన్నమ్మలాంటి వాళ్లకు కోర్టు అంటే ఈ వరండానే, ముందు ఇక్కడ మారాలి.

టీ తాగుతూ ఆమె సంచిలోంచి పాత కోర్టు కాగితం తీయించి, కేసు నంబరుతో ఈకోర్ట్స్ యాప్‌లో వెతికాను. ప్రతి వాయిదాకూ ఏం జరిగిందో వరసగా ఉంది, అంతా ఇంగ్లీషులో. చదివి ఆమెకు తెలుగులో చెప్పుకుంటూ పోయాను. పార్టీల్లో ఎవరైనా చనిపోతే 90 రోజుల్లోగా వారసులను కేసులో చేర్చమని పిటిషన్ వేయాలి, లేదంటే చనిపోయిన మనిషి మీద దావా రద్దైపోతుంది. అది లాయరు సార్ సమయానికే వేసినాడు, దానికి మాత్రం ఆయనకు దండం పెట్టాలి. కానీ పెద్ద బావ కూతురికి పంపిన నోటీసు "ఈ చిరునామాలో లేరు" అని తిరిగొచ్చింది. సరైన అడ్రసు ఇచ్చి మళ్లీ బత్తా, అంటే నోటీసు పంపే ఖర్చు, కట్టమని కోర్టు రాసింది. ఆ తర్వాత ఏడు వాయిదాలు, పద్నాలుగు నెలలు, అన్నింట్లోనూ అదే మాట.

"ఏ కూతురు? బెంగళూరులో ఉండే పిల్లేనా?" అంది చిన్నమ్మ.

అవునన్నాను. ఆమె కాసేపు నా మొహం చూసి, సంచిలో చెయ్యి పెట్టి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఆధార్, పాసుపుస్తకం, చిన్నాయన ఫోటో, వాటి కింద ఒక గృహప్రవేశం కార్డు. పెద్దోళ్లు మాట్లాడుకోకపోయినా ఆ పిల్లకు ఈమెంటే ప్రాణం, కార్డు పోస్టులో పంపింది. ఇంటి నంబరు, వీధి, పిన్ కోడుతో సహా అచ్చేసి ఉంది. పోయిన ఏడాది నుంచి ప్రతి వాయిదాకూ ఆ కార్డు ఈమె సంచిలోనే కోర్టుకు వచ్చి పోతూ ఉంది.

అప్పుడు నేను ఆమె మాట వినలేదు. జిరాక్స్ తీయించుకుని లాయరు ఆఫీసుకు తీసుకుపోయాను. సార్ లేడు, గుమాస్తా ఉన్నాడు. చదివి, ఫైల్లో పెట్టుకుంటూ, "ముందే ఇచ్చింటే ఎప్పుడో అయిపోయేది గదమ్మా" అన్నాడు.

"నన్ను ఎవురూ అడగలేదప్పా" అంది.

అతను తల ఎత్తలేదు. రేపు బత్తా కడతానన్నాడు, రసీదు కావాలి, నేనే వచ్చి తీసుకుంటానని గట్టిగా చెప్పాను. ఈ నోటీసు అందినా ఇంకా సాక్ష్యాలు చెప్పించాలి, ఆ పైన ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రాథమిక డిక్రీ రావాలి, తర్వాత భూమి కొలవడానికి కమిషనరు, ఆ పైన తుది డిక్రీ. ఇదంతా బస్టాండుకు పోతూ బండి మీద చెప్పాను. వెనక కూర్చుని ఒక్కొక్కటీ రెండేసి సార్లు అడిగి తెలుసుకుంది.

నాలుగింటి బస్సు ఎక్కించాను. కిటికీ దగ్గర కూర్చుని కవరు మళ్లీ తెరిచి, కార్డు ఉందా లేదా అని చూసుకుంటా ఉంది.