ఆర్‌పీసీ సర్వీసు చెప్పే బ్లాకు నంబరును ఎంతవరకు నమ్మాలి?

పలాస జీడిపప్పు లాటు ఒకటి ఉందనుకుందాం. పిక్కలు 80 కిలోల బస్తాల్లో వస్తాయి. వాటిని కాల్చి, కొట్టి, గుళ్ళు, బద్దలు వేరు చేసి, 240, 320 అంటూ గ్రేడు కట్టాక ఆ లాటుకు ఒక గ్రేడింగు పత్రం తయారవుతుంది. ఆ పత్రం హ్యాష్‌ని, అంటే ఫైలులో ఒక్క బైటు మారినా మారిపోయే 32 బైట్ల ముద్రని, ఇథీరియం బ్లాక్‌చెయిన్ టెస్ట్‌నెట్ మీద, అంటే పరీక్షల కోసమున్న గొలుసు మీద రాయాలి. డబ్బా మీది క్యూఆర్ కోడు స్కాన్ చేసినవాళ్ళకు పత్రం మారలేదని తెలియాలి. విజయనగరం, శ్రీకాకుళం ఇంజినీరింగ్ విద్యార్థులు ఫైనలియర్ ప్రాజెక్టుకు ఎంచుకోదగ్గ పని ఇది. గొలుసు మీద నడిచే ప్రోగ్రాము, అంటే కాంట్రాక్టు, ముప్పై లైన్లు దాటదు. కష్టమంతా మన కోడుకీ గొలుసుకీ మధ్య నిలబడే ఆర్‌పీసీ సర్వీసు దగ్గరే ఉంటుంది.

ఇన్‌ఫ్యూరా, ఆల్కెమీ, క్విక్‌నోడ్, యాంకర్ లాంటివి చేసే పని ఒకటే. ఇథీరియం నోడ్లను, అంటే గొలుసు ప్రతిని ఉంచుకునే కంప్యూటర్లను, వాళ్ళ దగ్గర నడుపుతూ మనకొక యూఆర్‌ఎల్ ఇస్తారు. దానికి జేసన్ ఆర్‌పీసీ (దూరంలోని కంప్యూటరును పని అడిగే పద్ధతి) రూపంలో ప్రశ్న పంపితే జవాబు వస్తుంది. ఆ జవాబు గొలుసు నుంచి నేరుగా వచ్చింది కాదు, ఆ క్షణాన వాళ్ళ నోడుకు తెలిసినంత మాత్రమే. 2020 నవంబరు 11న ఇది అందరికీ తెలిసొచ్చింది. గెత్ అనే నోడు ప్రోగ్రాము పాత వెర్షన్ మీద నడుస్తున్న ఇన్‌ఫ్యూరా నోడ్లు ఒక బ్లాకు దగ్గర మిగతా నెట్‌వర్కు నుంచి విడిపోయాయి. గొలుసు ముందుకు పోతూనే ఉన్నా, ఆ సర్వీసు మీద ఆధారపడిన వాలెట్లు పాత బ్యాలెన్సులే చూపించాయి. కొన్ని ఎక్స్ఛేంజీలు విత్‌డ్రాయల్స్ ఆపేశాయి. అందుకే కోడు రాసేముందే రెండు వేర్వేరు కంపెనీల దగ్గర యూఆర్‌ఎల్ తీసుకోండి. ఒకే కంపెనీలో రెండు కీలు (వాడేదెవరో సర్వీసుకు చెప్పే కోడ్‌లు) తీసుకుంటే ఈ అవసరం తీరదు.

యూఆర్‌ఎల్ చేతికి రాగానే మొదటి ప్రశ్న, అది ఏ గొలుసో చెప్పే చైన్ ఐడీ గురించే అడగండి. సెపోలియా టెస్ట్‌నెట్ అయితే జీరో ఎక్స్ ఏఏ36ఏ7 అని రావాలి, అంటే 11155111. అసలు ఇథీరియం గొలుసైన మెయిన్‌నెట్ 1, పాలిగాన్ అనే మరో గొలుసు 137, దాని టెస్ట్‌నెట్ అమోయ్ 80002. పాత వీడియోలు చూసి మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడే ఆగిపోతున్నారు. వాటిలో కనిపించే రాప్‌స్టెన్, రింకబీ, గోర్లీ, ముంబై టెస్ట్‌నెట్లు ఇప్పుడు లేవు. కాంట్రాక్టులు రాసి పరీక్షించే ట్రఫుల్, గనాష్ పనిముట్ల నిర్వహణ కూడా 2023 చివరికి ఆగిపోయింది. ఇప్పుడు హార్డ్‌హ్యాట్ గానీ ఫౌండ్రీలోని ఆన్విల్ గానీ వాడండి. రెండూ మీ సిస్టంలోనే 8545 పోర్టు మీద, 31337 చైన్ ఐడీతో ఒక చిన్న గొలుసును నడుపుతాయి. ఇంటర్నెట్ అక్కర్లేదు, టెస్ట్‌నెట్ ఈథర్ (ఇథీరియం నాణెం) ఉచితంగా ఇచ్చే ఫాసెట్ దగ్గర క్యూ అక్కర్లేదు. పనిలో తొంభై పాళ్ళు అక్కడే ముగించి, చివర్లో సెపోలియాకు వెళ్ళడమే సరైన పద్ధతి. టెస్ట్‌నెట్ ఈథర్‌కు విలువ లేదు, దాన్ని డబ్బుపెట్టి కొనకండి.

కాలేజీ ల్యాబుకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ల్యాబులో అరవై సిస్టంలున్నా బయటి ప్రపంచానికి కనిపించేది సాధారణంగా ఒకే ఐపీ అడ్రసు. కీ అవసరం లేని ఉచిత పబ్లిక్ యూఆర్‌ఎల్ వాడితే ఆ సర్వీసుకు మీరందరూ ఒక్కరే. లెక్క వేయండి. పేజీ నాలుగు సెకన్లకోసారి కొత్త బ్లాకు వచ్చిందా అని అడిగితే గంటకు 900 ప్రశ్నలు. అరవై మందికి 54,000. కాసేపటికి, మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారని చెప్పే 429 ఎర్రరు మొదలవుతుంది. చాలామంది కాంట్రాక్టులో తప్పుందేమోనని గంటలకొద్దీ వెతుకుతారు. ఇథీరియంలో బ్లాకు 12 సెకన్లకోసారే వస్తుంది కాబట్టి గంటకు 300 సార్లు అడిగితే చాలు, మిగతా రెండొంతులూ వృథాయే. ప్రతి బృందానికీ సొంత కీ ఉండాలి, పోలింగు, అంటే ఇలా పదేపదే అడగడం, 12 సెకన్లకు పెట్టాలి. 429 వచ్చినప్పుడు వెంటనే మళ్ళీ అడగకుండా ఒకటి, రెండు, నాలుగు సెకన్లు అని పెంచుకుంటూ ఆగాలి. ఆ ఆగే సమయానికి కొంత యాదృచ్ఛికం కలపండి, లేకపోతే అరవై సిస్టంలూ ఒకే క్షణంలో మళ్ళీ తలుపు తడతాయి.

ఉచిత ప్లానులో రోజుకి ఇన్ని ప్రశ్నలని రాసి ఉన్నా అన్ని ప్రశ్నలూ ఒకే ఖరీదు కావు. ఆల్కెమీ కంప్యూట్ యూనిట్లు అంటుంది, మరికొందరు క్రెడిట్లు అంటారు. బ్లాకు నంబరు అడగడం చవక, లాగ్‌లు (కాంట్రాక్టు వదిలిన ఈవెంట్ల రికార్డులు) వెతకడం ఖరీదు, ట్రేస్ (లావాదేవీ నడిచిన అడుగడుగు వివరం) అడగడం ఇంకా ఖరీదు. ప్లాను ఎంచుకునేముందు మీ యాప్ ఒక పేజీకి ఏయే మెథడ్లు ఎన్నిసార్లు పిలుస్తోందో బ్రౌజరు నెట్‌వర్క్ ట్యాబులో లెక్కపెట్టుకోండి.

ఆర్‌పీసీ కీ విషయం గట్టిగానే చెప్పాలి. వెబ్‌పేజీలు కట్టే వీటే పనిముట్టు వాడిన ప్రాజెక్టులో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పేరు ముందు వీటే అని, నెక్స్ట్‌లో నెక్స్ట్ పబ్లిక్ అని పెడితే ఆ విలువ బ్రౌజరుకు వెళ్ళే ఫైల్లోకి చేరుతుంది. డాట్ ఎన్వ్ ఫైల్లో ఉంది కదా అని ధీమా పడకూడదు. ఆర్‌పీసీ కీ బయటపడితే పోయేది కోటా మాత్రమే. దాన్ని డొమైన్ అలౌలిస్టుతో (ఏ వెబ్‌సైట్ల నుంచి వాడవచ్చో చెప్పే జాబితాతో) కొంత కాపాడవచ్చు, లేదా మధ్యలో మీ సర్వరు పెట్టి అవసరమైన నాలుగైదు మెథడ్లనే అనుమతించవచ్చు. లావాదేవీల మీద సంతకం చేసే వాలెట్ ప్రైవేట్ కీ సంగతి వేరు. అది ఏ సర్వీసుకూ వెళ్ళకూడదు. లావాదేవీ మీ దగ్గరే సంతకమై, సంతకమైన బైట్లే సెండ్ రా ట్రాన్సాక్షన్ ద్వారా వెళ్ళాలి. గిట్‌హబ్‌లోకి ఒకసారి ఎక్కిన ప్రైవేట్ కీని తరవాతి కమిట్‌లో చెరిపినా చరిత్రలో ఉండిపోతుంది. ఆ వాలెట్‌ను వదిలేయడమే మార్గం.

ఇక రాయడం. లాటు హ్యాష్‌ని కాంట్రాక్టు స్టోరేజిలో పెట్టాలా, ఈవెంటుగా, అంటే లాగ్‌లో మిగిలే ప్రకటనగా, వదలాలా? ప్రతి లావాదేవీకి మూల ఖర్చు 21,000 గ్యాస్ (గొలుసు చేసే పనిని కొలిచే యూనిట్). దానిపైన కొత్త స్టోరేజి గడి నింపడానికి 22,100 అవుతుంది. ఈవెంటుకైతే 375, ఒక్కో టాపిక్‌కు (ఈవెంటును వెతకడానికి పెట్టే గుర్తుకు) మరో 375, డేటాలో ఒక్కో బైటుకు 8. ఈవెంటు సంతకం, లాటు నంబరు రెండు టాపిక్‌లు, హ్యాష్ 32 బైట్లు అనుకుంటే 375, 750, 256 కలిపి 1,381. తేడా పదహారు రెట్లు. మరో కాంట్రాక్టు ఆ హ్యాష్‌ని చదవాల్సిన అవసరం ఉంటేనే స్టోరేజి, ఎందుకంటే ఈవెంట్లు కాంట్రాక్టులకు కనిపించవు. జీడిపప్పు పత్రానికి ఈవెంటు చాలు.

పంపేటప్పుడు టైమౌట్ వస్తే ఏం చేయాలన్నది ఎక్కువమంది తప్పు చేసే చోటు. జవాబు రాలేదంటే లావాదేవీ వెళ్ళలేదని అర్థం కాదు. కొత్త నాన్స్‌తో (వాలెట్ లావాదేవీల వరస సంఖ్యతో) మళ్ళీ సంతకం చేస్తే ఒకే లాటు రెండుసార్లు రాసుకుంటుంది. సంతకమైన పాత బైట్లనే డేటాబేసులో దాచుకుని, వాటినే మళ్ళీ పంపండి, అవసరమైతే రెండో సర్వీసు ద్వారా. బైట్లు అవే కాబట్టి హ్యాష్ అదే, గొలుసు ఒక్కసారే తీసుకుంటుంది. ఆల్రెడీ నోన్ అన్న జవాబు వస్తే అందినట్టే. నాన్స్ టూ లో అని వస్తే ముందు పాత హ్యాష్‌కు రసీదు ఉందేమో చూడండి, చాలాసార్లు పని అప్పటికే అయిపోయి ఉంటుంది. రసీదు లేకపోతే నల్ వస్తుంది. ఉంటే స్టేటస్ 1 అయితే సఫలం, 0 అయితే విఫలం, గ్యాస్ మాత్రం పోయింది.

లావాదేవీ ఇరుక్కుంటే దాని వెనక నాన్స్‌లన్నీ ఆగుతాయి. అదే నాన్స్‌తో రుసుము పెంచి పంపాలి. గెత్ కనీసం 10 శాతం పెంపు అడుగుతుంది, అంతకు తక్కువైతే రీప్లేస్‌మెంట్ అండర్‌ప్రైస్డ్ అంటుంది. మీరు ఇవ్వగల గరిష్ఠ రుసుమైన మ్యాక్స్ ఫీజు, త్వరగా తీసుకోవడానికి ఇచ్చే ప్రయారిటీ ఫీజు రెండూ పెంచాలి. 2021 ఆగస్టు 5 నాటి లండన్ అప్‌గ్రేడు నుంచి, ప్రతి లావాదేవీ కట్టాల్సిన బేస్ ఫీజు ఒక బ్లాకు నుంచి మరో బ్లాకుకు గరిష్ఠంగా 12.5 శాతమే మారుతుంది. అందుకే మ్యాక్స్ ఫీజును ఇప్పటి బేస్ ఫీజుకు రెట్టింపు పెడితే వరసగా ఐదు బ్లాకులు నిండినా తట్టుకుంటుంది.

చదవడంలో మూడు చోట్ల జాగ్రత్త అవసరం. మొదటిది, సర్వీసు వెనక ఉండేది ఒక నోడు కాదు, పదుల నోడ్లు. బ్లాకు నంబరు ఒక నోడు చెబుతుంది, ఆ బ్లాకు గురించి మీరడిగే రెండో ప్రశ్న ఒక అడుగు వెనకున్న మరో నోడుకు వెళ్తుంది. హెడర్ నాట్ ఫౌండ్ అనో, ఖాళీ జాబితా అనో వస్తుంది. ఖాళీ జాబితాను ఈవెంట్లు లేవని నమ్మి ముందుకు పోతే ఆ లాటు మీ డేటాబేసులోకి ఎప్పటికీ రాదు. కాబట్టి లేటెస్ట్ (అన్నిటికన్నా కొత్త బ్లాకు) దాకా చదవకుండా, ఇక మారదని ఖరారైన బ్లాకును చూపే ఫైనలైజ్డ్ ట్యాగు దాకానే చదివి ఖరారు చేయండి. ఇథీరియంలో 12 సెకన్ల స్లాట్లు 32 కలిస్తే ఒక ఎపోక్, 6.4 నిమిషాలు. మామూలుగా రెండు ఎపోక్‌లు, అంటే సుమారు 13 నిమిషాలకు బ్లాకు ఖరారవుతుంది. అప్పటిదాకా తెర మీద "నమోదవుతోంది" అని చూపండి. జీడిపప్పు డబ్బా కొట్టుకు చేరడానికి రోజులు పడుతుంది, 13 నిమిషాలు ఎవరికీ భారం కాదు.

రెండోది, ఈవెంట్లు వెతికే గెట్ లాగ్స్‌కు మొదటి బ్లాకు 0 అని ఇవ్వడం. కాంట్రాక్టు డిప్లాయ్ అయిన బ్లాకు నంబరు రాసిపెట్టుకుని అక్కడి నుంచే వెతకండి. రోజుకు గరిష్ఠంగా 7,200 బ్లాకులు, నెలకు 2,16,000. ఒక్క ప్రశ్నలో ఇన్ని బ్లాకులకు ఒప్పుకోని సర్వీసులే ఎక్కువ. 500 చొప్పున విడగొడితే 432 ప్రశ్నలు. ఒకసారి చదివింది డేటాబేసులో పెట్టుకుని, ఆగిన చోటు గుర్తుంచుకోవాలి. ఎప్పుడూ తెరిచి ఉండే కనెక్షనైన వెబ్‌సాకెట్ మీద ఈవెంట్లు వింటున్నా ఈ పని తప్పదు. కరెంటు పోయి రౌటరు మళ్ళీ లేచేలోపు జరిగిన ఈవెంట్లను సాకెట్ తిరిగి పంపదు. తిరిగి కలవగానే ఆగిన చోటు నుంచి గెట్ లాగ్స్‌తో పూడ్చుకుని, తరవాతే వినడం కొనసాగించాలి.

మూడోది, పాత బ్లాకు నాటి బ్యాలెన్సో, స్టోరేజో అడిగితే వచ్చే మిస్సింగ్ ట్రై నోడ్ ఎర్రరు. మామూలు ఫుల్ నోడు చివరి 128 బ్లాకుల స్థితినే ఉంచుకుంటుంది, అంటే పాతిక నిమిషాల వెనక్కి మాత్రమే. అంతకు ముందుది కావాలంటే పాత స్థితులన్నీ దాచే ఆర్కైవ్ నోడు ఉన్న ప్లాను తీసుకోవాలి. ఈవెంట్లకు ఇది వర్తించదు, ఈవెంటు ఎంచుకోవడానికి ఇంకో కారణం అదే. ఇంకొక చిన్న విషయం: ఈథర్‌లో అతి చిన్న భాగమైన వెయ్ లెక్కలు జావాస్క్రిప్టు మామూలు నంబరులో పట్టవు. అది తప్పు లేకుండా మోయగలిగేది సుమారు 0.009 ఈథర్ వరకే. పెద్ద పూర్ణాంకాల కోసమున్న బిగ్‌ఇంట్ వాడండి.

హ్యాష్ దగ్గర జరిగే పొరపాట్లు సర్వీసు వల్ల వచ్చేవి కావు, కానీ అడిగేది మాత్రం సర్వీసునే. పీడీఎఫ్‌ను మళ్ళీ తయారుచేస్తే లోపల తయారైన సమయం మారి హ్యాష్ మారుతుంది. ఒకసారి తయారైన ఫైలునే దాచాలి. పత్రాన్ని వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే బైట్లు అలాగే ఉంటాయి, ఫొటోగా పంపితే కుదించబడి హ్యాష్ కలవదు. తెలుగు పేర్లున్న జేసన్‌ను హ్యాష్ చేస్తే మరో ఉచ్చు ఉంది. పైడితల్లి అన్న పేరులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక గుర్తుగానూ రాయవచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయవచ్చు. కంటికి ఒకటే, హ్యాష్‌కు వేరు. ముందు ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక యూనికోడ్ రూపంలోకి మార్చి, కనిపించని జీరో విడ్త్ గుర్తులు తీసేసి, కీల వరస స్థిరపరిచాకే హ్యాష్ చేయండి.

రైతు ఫోన్ నంబరును హ్యాష్ చేసి గొలుసు మీద పెడితే గోప్యంగా ఉంటుందనుకోవడం పెద్ద ప్రమాదం. పది అంకెల మొబైలు నంబర్లు 6 నుంచి 9తో మొదలయ్యేవి 400 కోట్లే. అన్నింటినీ హ్యాష్ చేసి పోల్చడం గ్రాఫిక్స్ కార్డుకు నిమిషాల పని. ఆధార్ 12 అంకెలదీ అదే కథ. గొలుసు మీద రాసింది చెరపలేం. ఉద్దానం రైతు నంబరు మన ప్రాజెక్టు కోసం శాశ్వతంగా బయటపడకూడదు. వ్యక్తి వివరాలు మీ డేటాబేసులోనే ఉండాలి. పత్రంలో పేరుంటే 32 బైట్ల యాదృచ్ఛిక విలువ (సాల్ట్) కలిపి హ్యాష్ చేసి, సాల్ట్‌ను బయట దాచాలి. ఫైళ్ళను అనేక కంప్యూటర్ల మధ్య పంచే ఐపీఎఫ్ఎస్‌లో ఫైలు పెట్టడం కూడా బహిరంగంగా పెట్టడమే. అక్కడ ఎవరూ పిన్ చేయకపోతే, అంటే నిలిపి ఉంచకపోతే, ఫైలు మాయమవుతుంది, కాబట్టి పిన్నింగ్ సర్వీసుతో పాటు మీ దగ్గరా ఒక ప్రతి ఉంచండి.

సొంత నోడు పెట్టుకోవచ్చా? మెయిన్‌నెట్‌కు 2 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, కనీసం 16 జీబీ ర్యామ్ కావాలి. తిరిగే హార్డ్ డిస్కు గొలుసు వేగం అందుకోలేదు. 2022 సెప్టెంబరు 15 నాటి మెర్జ్ అప్‌గ్రేడు నుంచి రెండు ప్రోగ్రాములు నడపాలి. లావాదేవీలు నడిపే గెత్ లాంటి ఎగ్జిక్యూషన్ క్లయింటు ఒకటి, ఏ బ్లాకు సరైనదో తేల్చే లైట్‌హౌస్ లాంటి కన్సెన్సస్ క్లయింటు ఒకటి. రెండూ 8551 పోర్టు మీద ఒకే జేడబ్ల్యూటీ రహస్య ఫైలుతో మాట్లాడుకుంటాయి. మిగతా నోడ్లతో మాట్లాడే 30303 పోర్టు బయటికి తెరవాలి, ఆర్‌పీసీ ప్రశ్నలు వచ్చే 8545 ఎప్పుడూ తెరవకూడదు. మన జిల్లాల్లో అసలు ప్రశ్న కరెంటు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. అంత కాకపోయినా రెండు నిమిషాల కోత చాలు, గెత్ డిస్కుకు రాయాల్సింది రాయకుండా ఆగి, లేచాక చాలాసేపు వెనక బ్లాకులు మళ్ళీ లెక్కిస్తుంది. యూపీఎస్ సిగ్నలు అందగానే నోడును మర్యాదగా ఆపే ఏర్పాటు, లినక్స్‌లో ప్రోగ్రాములను నడిపి ఆపే సిస్టమ్‌డీలో ఆగడానికి 300 సెకన్ల గడువు ఉండాలి. నేర్చుకోవడానికి సెపోలియా నోడు మంచిది. ప్రాజెక్టు నడపడానికి రెండు సర్వీసులే నయం.

ఒక సర్వీసు పలకకపోతే రెండోదానికి మారడానికి, జావాస్క్రిప్టు లైబ్రరీలైన వయెమ్ (viem)లో ఫాల్‌బ్యాక్ ట్రాన్స్‌పోర్టు, ఈథర్స్‌లో ఫాల్‌బ్యాక్ ప్రొవైడరు రెండు యూఆర్‌ఎల్‌లనూ తీసుకుంటాయి. రాసి వదిలేయకండి. రివ్యూకు ముందు రోజు మొదటి యూఆర్‌ఎల్‌లో ఒక అక్షరం తప్పుగా మార్చి యాప్ నడపండి. ఒక లాటు నమోదు మధ్యలో వైఫై తీసి, రెండు నిమిషాల తరవాత పెట్టండి. ఆ తరవాత డేటాబేసులో ఆ లాటు ఒక్కసారే ఉందో లేదో చూడండి.