పెదనాన్న ఫోటోలో ఉన్నది జీపు కాదు

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీద ట్రంకు పెట్టె దించితే అడుగున ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో దొరికింది, వెనక పెన్సిల్‌తో పఠాన్‌కోట్ 76 అని రాసుంది. పెదనాన్న ఏదో ఆర్మీ బండి బానెట్ ఎత్తి ఇంజన్‌లోకి సగం దూరిపోయి, మొహం మాత్రం కెమెరా వైపు తిప్పి నవ్వుతున్నాడు. చేతిలో స్పానర్. బండి సగమే పడింది, నంబర్ ప్లేట్ దగ్గర నీడ, బాణం గుర్తు ఒక్కటే కనిపిస్తోంది. మన ఆర్మీ ప్లేట్ల మీద పైకి చూసే బాణం, దాని తర్వాత రెండంకెలు ఉంటాయి, ఆ రెండంకెలు బండి ఆర్మీ చేతికొచ్చిన సంవత్సరం. అవి కనపడుంటే నా పని సగం అయిపోయేది, ఖర్మ, సరిగ్గా వాటి మీదే నీడ పడింది.

అమ్మని అడిగితే "మీ పెదనాన్న జీపు దగ్గర దిగిన ఫోటో" అంది. మాది మిలటరీ మాధవరానికి దగ్గర్లోనే, మా వైపు ఏ ఇంట్లో చూసినా ఇలాంటి ఫోటో ఒకటుంటుంది, అన్నిట్లోనూ ఉండేది జీపే. మా వాళ్ళకి ఆర్మీ బండ్లు రెండే రకాలు, చిన్నదైతే జీపు పెద్దదైతే మిలట్రీ లారీ, అంతే.

నాకేమో ఈ లైసెన్స్ బండ్ల పిచ్చి. డిజైన్ ఒక దేశానిది, పర్మిషన్ తీసుకుని కట్టుకునేది ఇంకో దేశం, ఆర్మీ కోసం కొన్ని వేలు తయారుచేస్తారు, తర్వాత అందరూ మర్చిపోతారు. ఇలాంటివి గుర్తుపట్టడంలో మొదట చేసే తప్పు మొహం చూసి పేరు చెప్పేయడం (నేనూ చాలా ఏళ్ళు ఇదే చేశా), కానీ మొహం కాపీయే కదా, అందరిదీ ఒకటే మొహం. కట్టినవాడు ఎక్కడ మార్చాడు, ఎందుకు మార్చాల్సొచ్చింది, అక్కడ వెతకాలి.

రెండో ప్రపంచ యుద్ధం జీపునే తీసుకోండి. విల్లీస్ ఒక్కటే అన్ని జీపులు కట్టలేకపోతే ఫోర్డ్ కూడా లైసెన్స్ మీద కట్టింది, దాని పేరు జీపీడబ్ల్యూ, ఆ చివరి డబ్ల్యూ అంటే విల్లీసే. పక్కపక్కన పెడితే కవలపిల్లలు. కానీ ముందు జాలీ కింద వంగి చూస్తే విల్లీస్ చాసిస్‌కి అడ్డంగా గుండ్రటి పైపు ఉంటుంది, ఫోర్డ్‌కి బోర్లించిన గాడిలా ఉంటుంది. ఇంకా తమాషా ఏంటంటే ఫోర్డ్ వాళ్ళు చిన్న చిన్న పార్టుల మీద, ఆఖరికి బోల్టు తలల మీద కూడా ఎఫ్ అని గుద్దుకున్నారు. మా ఇంట్లో స్టీలు గ్లాసుల మీద పేర్లు కొట్టించుకున్నట్టు.

మన మహీంద్రా కథ ఇంకా బాగుంటుంది. 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడంతో బండ్ల వ్యాపారంలోకి దిగిన కంపెనీ, తర్వాత సీజే3బీ మోడల్‌ని లైసెన్స్ మీద పట్టుకుని ఆ ఒరవడిలోనే దశాబ్దాలు నడిపించింది, అమెరికాలో 1968లో ఆపేసినా ఇక్కడ ఆగలేదు. ఆ మోడల్‌ని ఎంత దూరం నుంచైనా పట్టేయొచ్చు, నుదురు పెద్దది. జాలీ పైన ఖాళీ రేకు, దాని పైన ఎత్తుగా బానెట్, మనిషి జుట్టు వెనక్కి పోయినట్టు. స్టైల్ కోసం చేసింది కాదది. పాత ఇంజన్‌లో వాల్వులన్నీ పక్కన బ్లాక్‌లోనే (సిలిండర్లుండే కింది భాగం) ఉండేవి, కొత్త హరికేన్ ఇంజన్‌లో గాలి లోపలికెళ్ళే వాల్వుల్ని హెడ్‌లోకి (ఇంజన్ పైమూత) ఎక్కించారు, పొగ పోయేవి మాత్రం కిందే ఉంచారు. 2.2 లీటర్లు అలాగే ఉంది కానీ ఇంజన్ ఎత్తు పెరిగింది, పాత బానెట్ కింద పట్టలేదు, బానెట్ లేపారు. కాబట్టి ఎవరైనా ఎత్తు బానెట్ బండి చూపించి "ఇది వరల్డ్ వార్ జీపండీ, మా తాతగారిది" అంటే నవ్వి ఊరుకోండి, సీజే3బీ వచ్చిందే 1953లో. అయితే అది మహీంద్రానే అని కూడా వెంటనే చెప్పకండి, అదే మోడల్‌ని జపాన్‌లో మిత్సుబిషి కూడా కట్టింది.

బెల్జియం మినర్వా నా ఫేవరెట్. లాండ్ రోవర్‌ని లైసెన్స్ మీద 1952 నుంచి వాళ్ళ ఆర్మీకి కట్టారు. యుద్ధం తర్వాత ఇంగ్లాండ్‌లో స్టీలు దొరక్క లాండ్ రోవర్ బాడీ రేకులు అల్యూమినియంతో చేశారని తెలిసిందే, బెల్జియం వాళ్ళు మాత్రం స్టీలు రేకుతోనే కొట్టారు, ముందు మడ్‌గార్డులు కూడా లాండ్ రోవర్‌లా డబ్బాలా కాకుండా కిందికి ఏటవాలుగా దిగుతాయి. ఫోటోలో అయితే ఆ వాలు చూడాలి, బండి ఎదురుగా ఉంటే జేబులోంచి అయస్కాంతం తీసి మడ్‌గార్డుకి పెట్టడమే. అంటుకుంటే మినర్వా అని అనుమానించొచ్చు. కానీ చాసిస్‌కీ ఇంజన్ వెనక అడ్డగోడకీ పెట్టి చూసి మురిసిపోకూడదు, అవి ఇంగ్లాండ్ బండిలో కూడా స్టీలే.

ఫ్రాన్స్ హాచ్‌కిస్ ఎం201 అచ్చం విల్లీసే, సినిమావాళ్ళు యుద్ధం సీన్లకి తెగ వాడేస్తారు. కెనడా ఆర్మీకి జర్మన్ ఫోక్స్‌వ్యాగన్ ఇల్టిస్‌ని 1980ల్లో కట్టిచ్చింది బొంబార్డియర్, అదే, మన ఢిల్లీ మెట్రోకి పెట్టెలిచ్చిన కంపెనీ.

సరే, ఫోటోకి వద్దాం. ఊళ్ళోనే ఫోన్‌తో స్కాన్ చేసుకున్నా, కింద భాగం చెద తినేసి మరకగా ఉంటే నీట్‌గా ఉండదని అక్కడికి కట్ చేసేశా. హైదరాబాద్ వచ్చాక రాత్రి కూర్చుని జూమ్ చేస్తే పెదనాన్న మోచెయ్యి పక్కన ప్లగ్గు వైర్లు కనిపించాయి. లెక్కపెట్టా. ఆరు. మళ్ళీ లెక్కపెట్టా, ఆరే. సిలిండర్‌కో ప్లగ్గు, ప్లగ్గుకో వైరు. జీపుకి నాలుగే సిలిండర్లు, అంటే ఇది జీపు కాదు, విల్లీసూ కాదు మహీంద్రా కూడా కాదు! ఆరు సిలిండర్లంటే ముందు గుర్తొచ్చేది అమెరికా ట్రక్కు డాడ్జ్ పవర్ వ్యాగన్, కానీ దాని ఇంజన్‌కి ప్లగ్గులు హెడ్ పైన నిలబడి ఉంటాయి, ఇక్కడ వైర్లు పక్కకి దిగుతున్నాయి, పైన వాల్వుల్ని కప్పే పొడుగాటి టాపెట్ కవర్ ఉంది. అది నిస్సాన్ పీ ఇంజన్, 3956 సీసీ, పెట్రోలు.

అర్ధరాత్రి ఒంటిగంటకి నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నా. జోంగా! నిస్సాన్ పెట్రోల్ 60 మోడల్‌ని (బండి పేరు గస్తీ అనే అర్థంలో పెట్రోల్, తాగేదీ పెట్రోలే) జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో మన ఆర్మీ కోసం కట్టారు, జబల్‌పూర్ పేరులోంచే జోంగా అన్న పేరు పుట్టిందంటారు. 2019లో ధోనీ ఒకటి కొని రాంచీలో తిప్పితే ఫోటోలు అంతటా తిరిగాయి, అప్పుడు కూడా సగం మంది జీపనే అన్నారు లెండి. పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి అది జీపు కాదు నిస్సాన్ అని చెప్తే "నిస్సాన్ అంటే మన ఆల్విన్ నిస్సానా, జహీరాబాద్‌లో చేసేవాళ్ళు, అదా?" అంది. ఆవిడ తప్పేం లేదు, ఆ తరానికి నిస్సాన్ అంటే పాల వ్యాన్.

తర్వాత పెదనాన్నకి వీడియో కాల్ చేశా. సికింద్రాబాద్‌లో ఈఎంఈ (ఆర్మీ బండ్లు, యంత్రాలు రిపేర్ చేసే విభాగం) సెంటర్‌లో ట్రైనింగ్ అయిన మెకానిక్ ఆయన, చెవులు కొంచెం తగ్గాయి గానీ బండ్ల గురించైతే అన్నీ వినపడతాయి.

"పెదనాన్నా, పఠాన్‌కోట్ ఫోటోలో జోంగా రిపేర్ చేస్తున్నట్టున్నావు" అన్నా బిల్డప్‌గా.

"జోంగా ఎవడు చెప్పాడ్రా? అది వన్ టన్ను."

ఒక్క నిమిషం నాకు మాట రాలేదు. అదే జబల్‌పూర్‌లో నిస్సాన్ లైసెన్స్ మీదే కట్టిన ఇంకో బండి, వన్ టన్ను ట్రక్కు, జపాన్‌లో దాన్ని క్యారియర్ అంటారు, ఇంజన్ అదే పీ ఇంజన్. అంటే ఇంజన్ కరెక్ట్‌గా పట్టుకుని బండి తప్పు చెప్పా. అయినా ఒప్పుకోబుద్ధి కాక, ఇంజన్ రెండిటికీ ఒకటే కదా, యాభై ఏళ్ళ కిందటి మాట ఎలా చెప్తున్నావు అని అడిగా.

"కాళ్ళు చూడలేదట్రా? జోంగా అయితే నేల మీద నిలబడే ప్లగ్గులు మార్చేసేవాణ్ణి. వన్ టన్నుకి నా పొడుగు చాలదు, బంపర్ ఎక్కాల్సిందే. వానొచ్చినప్పుడు జారి మోకాలు కూడా కొట్టుకున్నా" అని లుంగీ కొంచెం లేపి మచ్చ చూపించాడు, వెనక పెద్దమ్మ నవ్వుతోంది.

కాళ్ళు నా స్కాన్‌లో లేవు. నీట్‌గా ఉండదని నేనే కట్ చేసేశానుగా. తమ్ముడికి చెప్పి ఒరిజినల్ మళ్ళీ ఫోటో తీయించి పంపమన్నా. చెద మరక పక్కనే రెండు బూట్లు, మడమలు గాల్లో, వేళ్ళ మీద బంపర్ అంచున నిలబడి ఉన్నాడు. ఆరు వైర్లు లెక్కపెట్టినోణ్ణి, రెండు కాళ్ళు చూసుకోలేదు.

ఇప్పుడా ఫోటోకి పెద్ద ఫ్రేమ్ కట్టించి ఊళ్ళో హాల్లో పెట్టాం, ఈసారి ఏమీ కట్ చేయలేదు. మొన్న చుట్టాలొస్తే అమ్మ చూపిస్తూ చెప్తోందట, "మా బావగారు, పఠాన్‌కోట్‌లో, జీపు రిపేర్ చేస్తా దిగారు" అని.