విజయనగరం సరుకులు, స్విట్జర్లాండు వంటిల్లు

మా అత్తయ్యగారికి విమానమంటే భయం లేదు, చలి అంటే బెదురు లేదు. స్విట్జర్లాండు రానని ఆవిడ పట్టుబట్టింది తిండి గురించే. "మీరు వెళ్లి రండమ్మా, నేను ఇంట్లో ఉంటాను. ఎవరు ఏ చేత్తో ఏమి వండారో తెలియకుండా నేను తినలేను" అన్నారు. మావయ్యగారికి చక్కెర జబ్బు, వేళకు అన్నం పడాలి. మా చిన్నవాడు రాత్రి పెరుగన్నం తినకుండా పడుకోడు. ఇలాంటి కుటుంబం విదేశానికి బయలుదేరాలంటే ముందుగా చూసుకోవలసింది వంటిల్లు. అందుకే హోటలు గదుల ఆలోచన మానుకుని, లాటర్‌బ్రునెన్ అనే కొండలోయ ఊళ్లో వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆ మాట చెప్పగానే అత్తయ్యగారి ముఖం విప్పారింది. "అయితే నా సరుకులు నేనే సర్దుకుంటాను" అన్నారు.

అంత దూరం వెళ్లి కూడా పప్పన్నమేనా అని నవ్వేవాళ్లు మా బంధువుల్లోనూ ఉన్నారు. ఆ నవ్వు నాకు నచ్చదు. డెబ్బై ఏళ్లు ఒకే రుచికి అలవాటు పడిన మనిషిని మంచుకొండలు చూపిస్తానని తీసుకెళ్లి, రొట్టెముక్కలతో సరిపెట్టుకోమనడం మర్యాద కాదు. పైగా అక్కడ సాదాసీదా భోజనానికే మనిషికి 20 నుంచి 30 ఫ్రాంకులు అవుతుంది. ఒక్కో ఫ్రాంకు మన లెక్కలో వంద రూపాయల పైమాటే. రోజుకు రెండు పూటలు ఆరుగురం బయట తింటే యాత్రకు దాచిన డబ్బు తిండికే చాలదు.

సర్దడానికి ముందు నేను కూర్చుని నిబంధనలు చదివాను. ఇది ఎవరూ వదిలేయకూడని పని. మన దేశం నుంచి స్విట్జర్లాండులోకి ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు తీసుకెళ్లకూడదు. యూరోపియన్ యూనియన్ దేశాలదీ ఇదే పద్ధతి. పశువులకు వచ్చే గాలికుంటు వంటి రోగాలు ఆహారంతో పాటు సరిహద్దు దాటుతాయని వాళ్ల జాగ్రత్త. నెయ్యి పాలతో చేసినదే కదా, కనుక అదీ కుదరదు. పచ్చి కూరగాయలు, పండ్లు, ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. 2020 జనవరి నుంచి ఇది గట్టిగా అమలవుతోంది. అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, డ్యూరియన్ పండ్లకు మాత్రం మినహాయింపు. అంటే పెరట్లో కోసిన కరివేపాకు రెమ్మలు పెట్టెలో పెట్టకూడదు. కరివేప నిమ్మజాతి కుటుంబానికి చెందిన చెట్టు. నిమ్మ, నారింజ తోటలను ఎండగొట్టే తెగులును మోసే సన్నపురుగులు దాని ఆకుల మీద బతుకుతాయి.

ఎండుకొబ్బరి సంగతి వేరు. అత్తయ్యగారి పుట్టిల్లు సోంపేట వైపు ఉద్దానంలో. అక్కడి నుంచి మా ఇంటికి కొబ్బరి వస్తూనే ఉంటుంది, ఆవిడ పొడుల్లో కురిడీ కొబ్బరి లేకుండా ఉండదు. కానీ విమానయాన నియమాల్లో ఎండుకొబ్బరి ప్రమాదకరమైన సరుకుల్లో ఒకటి. నూనె ఎక్కువ ఉండటం వల్ల తనంతట తాను వేడెక్కి అంటుకోగలదని దాన్ని ఆ జాబితాలో చేర్చారు. చేతిసంచిలోనూ, సామాను పెట్టెలోనూ పనికిరాదు. ఇది విన్నాక ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నువ్వులు, వేరుశెనగపప్పు ఎక్కువ వేసి కొబ్బరి లేని పొడి కొట్టారు. ఆ పొడి ఇప్పుడు మా ఇంట్లో ఇడ్లీలకు మామూలైపోయింది.

మేము దుబాయ్‌లో విమానం మారాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో గసగసాలు మత్తుపదార్థాల కింద నిషేధం. మన వంటింటి మసాలా పొట్లంలో ఉన్న చెంచాడు గసగసాలు కూడా అక్కడ పెద్ద చిక్కు తెస్తాయి. గల్ఫ్ మీదుగా వెళ్లే వాళ్లెవరైనా ఇంట్లో దంచిన గరం మసాలాలో ఏమేమి కలిశాయో ఒకసారి గుర్తు చేసుకుని మరీ సర్దుకోవాలి. మేము మసాలా పొడి పూర్తిగా మానేశాం.

అన్నీ తీసేశాక మిగిలినదేమిటంటే, నిజానికి కావలసినదంతా మిగిలింది. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల దుకాణాల్లో ఒక సాయంత్రమంతా తిరిగాం. కందిపప్పు, చింతపండు, ఆవాలు, మెంతులు, ఇంగువ, ఎండుమిరపకాయలు, పసుపు, కారం కొన్నాం. ఉప్మా రవ్వ ఇంట్లోనే దోరగా వేయించి చల్లార్చి పోశారు. మావయ్యగారి ఉదయపు అంబలికి చోడిపిండి, అంటే రాగిపిండి. పిల్లలు దారిలో తినడానికి పలాస జీడిపప్పు, భీమాలి మామిడి తాండ్ర. ఆవకాయ ఒక డబ్బా, బెల్లం ఆవకాయ ఇంకో చిన్న డబ్బా. పులిహోర గుజ్జు ముందే నూనెలో బాగా మగ్గించి తయారుచేశారు. బియ్యం మాత్రం వద్దన్నాను. బరువంతా అదే తినేస్తుంది, బియ్యం దొరకని దేశం లేదు. ఆవిడకు ఆ మాట నమ్మకం కలగలేదు గాని, తూకం వేసి చూపించాక ఒప్పుకున్నారు.

సర్దడంలో నాకు మూడు పట్టింపులు ఉన్నాయి. ప్రతి పొట్లం మీద ఇంగ్లీషులో పేరు రాయాలి, పేరు లేని పొడిని చూసి ఏ అధికారికైనా అనుమానం రావడం సహజం. పచ్చళ్లు చేతిసంచిలో పెట్టకూడదు, అక్కడ వాటిని ద్రవపదార్థాలుగా చూస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. సరుకులన్నీ ఒకే పెట్టెలో పోయకూడదు, ఒక పెట్టె ఆలస్యమైనా రెండో పెట్టెలోని పప్పుతో ఆ పూట గడవాలి. ఆవకాయ డబ్బా మూతకు చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో బిగించి, పాత తువ్వాలులో చుట్టి పెట్టె నడిమధ్యన పెట్టాం. చుక్క నూనె కారలేదు.

మేము జ్యూరిచ్‌లో దిగింది ఆదివారం. స్విట్జర్లాండులో ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు. విమానాశ్రయాల్లో, పెద్ద రైల్వేస్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరిచి ఉంటాయి. అందుకని విమానాశ్రయంలోనే పాలు, పెరుగు, ఉల్లిపాయలు, టమాటాలు కొనుక్కుని రైలెక్కాం. బెర్న్‌లో ఒకసారి, ఇంటర్లాకెన్ ఓస్ట్‌లో ఇంకోసారి రైలు మారి లోయలోకి చేరేసరికి అందరికీ నిద్ర ముంచుకొస్తోంది. ఊళ్లోని దుకాణం తలుపు మూసే ఉంది. అత్తయ్యగారు పెట్టె విప్పి రవ్వ తీశారు. ఉప్మా, కందిపొడి, పెరుగు. చిన్నవాడు ప్లేటు ఖాళీ చేసి అక్కడే కునికాడు. ఆవిడ తింటూ ఉన్నంతసేపు నేను ఆవిడ ముఖమే చూశాను. ఊరు మారినా వేళకు తన చేతివంట తిన్న నిశ్చింత అందులో కనిపించింది.

మర్నాడు తెల్లవారాక గాని ఎక్కడికి వచ్చామో తెలియలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే నిటారైన బండ మీద నుంచి దాదాపు 300 మీటర్ల ఎత్తున స్టౌబాఖ్ జలపాతం దూకుతోంది. గాలికి సగం నీళ్లు తుంపరలుగా పక్కకు పోతున్నాయి. అత్తయ్యగారు వంట చేస్తూ దాన్ని చూస్తూనే ఉన్నారు. ప్రపంచంలో ఇంత అందమైన వంటిల్లు ఇంకెక్కడా ఉండదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పొయ్యి ఇండక్షనుది. అద్దెకిచ్చినవారిని ముందే అడిగి తెలుసుకుని, అడుగు దానికి పనికొచ్చే చిన్న కుక్కరు విజయనగరంలోనే కొనుక్కెళ్లాం. మామూలు అల్యూమినియం కుక్కరు ఆ పొయ్యి మీద వేడెక్కదు. లాటర్‌బ్రునెన్ సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంది. నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి మామూలు గిన్నెలో పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది. కుక్కరుంటే ఆ బాధ లేదు. దాని కూత వల్ల పక్కవాళ్లకు ఇబ్బంది కలగకుండా వంట పెందలాడే ముగించేవాళ్లం, రాత్రి 10 దాటితే ఆ దేశంలో నిశ్శబ్దం పాటిస్తారు. ఎండుమిరపకాయ పోపు వేసేటప్పుడు కిటికీ తెరిచి, పొగ లాగే యంత్రం వేసేవాళ్లం. చెత్త పారేయడానికి కూడా ఆ ఊరి సంచులే కొనాలి. ఆ సంచి ధరలోనే చెత్త ఖర్చు కలిసి ఉంటుంది. పరాయి ఊరి ఇంట్లో వండుకునే హక్కు తీసుకున్నప్పుడు ఈ మర్యాదలన్నీ దానితో పాటే వస్తాయి. హోటలు గదుల్లో కెటిలు పెట్టి గుడ్లు ఉడకబెట్టే పనిని నేను సమర్థించను. వంటగది లేని చోట వండకూడదు.

నెయ్యి సంగతి చెప్పాలి. నెయ్యి లేకుండా పప్పన్నం ఎలాగని ఊళ్లో బయలుదేరిన దగ్గర నుంచి ఆవిడకు దిగులు. దుకాణంలో వెన్న కడ్డీలు చూసి చేతిలోకి తీసుకుని, రంగు చూసి, వాసన చూసి, ఉప్పు లేనిదేనా అని నన్ను చదివించి మరీ కొన్నారు. ఆ సాయంత్రం ఇండక్షను పొయ్యిని సన్నమంట మీద పెట్టడం నేర్చుకుని వెన్న కాచారు. తెట్టు తేలింది, చిటపటలు ఆగాయి, అడుగున గసి ఎర్రబారింది. ఇల్లంతా కమ్మటి వాసన. ఆ లోయ పచ్చికలో మెడగంటలతో మేసే ఆవులను ఆ మధ్యాహ్నమే చూసి వచ్చాం. "గడ్డి మంచిది. పాలు మంచివి" అన్నారు. ఆవిడ నుంచి వేరే దేశపు వస్తువుకు వచ్చిన మొదటి ప్రశంస అది. గసిలో చక్కెర కలిపి పిల్లలకు పెట్టారు.

అక్కడి నుంచి దుకాణానికి ఆవిడే ముందు నడిచేవారు. జాస్మిన్ రైస్ పేరుతో అమ్మే థాయ్ బియ్యం మన అన్నానికి దగ్గరగా ఉందని తేల్చింది ఆవిడే. క్యాబేజీ, కాలీఫ్లవర్, పాలకూర, బంగాళాదుంప, బీట్‌రూట్ అన్నీ దొరికాయి. అక్కడి వంకాయలు లావువి, గుత్తివంకాయకు పనికిరావు గాని కాల్చి పచ్చడి చేస్తే బ్రహ్మాండంగా ఉంది. కాలీఫ్లవర్‌కు ఆవ పెట్టారు. దాన్ని ఆవకూరగా తినడం నాకూ అదే మొదలు.

కరివేపాకు లేని లోటు బెర్న్ వెళ్లిన రోజు తీరింది. 1983 తర్వాత యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన శ్రీలంక తమిళులు స్విట్జర్లాండులో వేల సంఖ్యలో స్థిరపడ్డారు. వాళ్ల దుకాణాల్లో మునక్కాయలు, కరివేపాకు, పచ్చి అరటికాయలు, కందిపప్పు అన్నీ ఉన్నాయి. దుకాణం నడిపే ఆవిడకు తెలుగు రాదు, అత్తయ్యగారికి తమిళం రాదు. అయినా కరివేపాకు కట్టలో ముదురాకులు తీసి లేతవి వేసి ఇచ్చిందా తల్లి. బెర్న్ పాతపట్టణం అందమైనదే, ఆరే అనే నది చుట్టి పారే ఊరు. కానీ ఆ రోజు గురించి మా ఇంట్లో ముందుగా చెప్పుకునేది ఆ దుకాణమే.

మంచుకొండల నడుమ ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ కనుమకు వెళ్లే రోజు తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపారు, మా జిల్లా పద్ధతిలో ఆవపొడి తగిలించి. 1912లో పూర్తయిన ఆ రైలుమార్గం ఐగర్, మోంక్ కొండల కడుపులోంచి సొరంగంలో పోయి 3,454 మీటర్ల ఎత్తున ఆగుతుంది. పైన గాలి పలచన. మావయ్యగారు మెల్లగా నడిచి, మంచును చేతిలోకి తీసుకుని చూసి, ఇక దిగుదామన్నారు. దిగేటప్పుడు క్లైనె షైడెగ్ అనే స్టేషను దగ్గర బల్ల మీద కూర్చుని డబ్బాలు విప్పాం. ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ మూడు శిఖరాలు, ఒళ్లో పులిహోర, నంజుకోవడానికి ఆవకాయ. మావయ్యగారికి వేళ తప్పలేదు. ఈ సరుకుల ప్రయాస అంతా దేనికని ఎవరైనా అడిగితే ఆ పూటను చూపిస్తాను.

ఇంకో మాట. వంట సామాను వెంట వస్తే వంటపని కూడా వెంటే వస్తుంది, అది ఆడవాళ్ల నెత్తినే పడితే వాళ్లకు సెలవు ఉండదు. బయలుదేరక ముందే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఇది తేల్చాను. మావయ్యగారు కూరలు తరగాలి, గిన్నెలు మా ఆయన కడగాలి, పిల్లలు బల్ల సర్దాలి, మధ్యాహ్నం ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. ఉదయమే కట్టుకున్న డబ్బాలే మధ్యాహ్నానికి. అందరూ మాట నిలబెట్టుకున్నారు. మావయ్యగారు బీన్సు అంత సన్నగా తరుగుతారని పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తయ్యగారికీ తెలియదట.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు మళ్లీ ఆదివారం. పై అంతస్తులోకి సాయంత్రం కొత్తగా పెళ్లయిన జంట దిగింది. మెట్ల మీద తెలుగు వినపడి పలకరిస్తే గుంటూరు వాళ్లమన్నారు. దుకాణాలు మూసేసి ఉన్నాయి, వాళ్ల దగ్గర బిస్కట్లు తప్ప ఏమీ లేవు. మా దగ్గర మిగిలిన రవ్వ, కందిపప్పు, సగం ఆవకాయ, సీసాలో కాచిన నెయ్యి అత్తయ్యగారు సంచిలో వేసి ఆ అమ్మాయి చేతికిచ్చారు. "ఇండక్షను మీద పోపు తొందరగా మాడుతుందమ్మా, ఆవాలు చిట్లగానే గిన్నె దింపెయ్" అని చెప్పి, ఆ పూటకు మాత్రం వాళ్లిద్దరినీ మా వంటింట్లోనే కూర్చోబెట్టి వడ్డించారు.