మూడు సెంటీమీటర్ల కోసం నాలుగు రాత్రులు

టెలిస్కోప్ బిగించడం గంట పని. ఆరంగుళాల అద్దం, 750 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి వెలుగు కలిసే చోటికి దూరం) ఉన్న న్యూటోనియన్ రిఫ్లెక్టర్, అంటే అద్దంతో వెలుగును పోగుచేసే రకం. స్టాండును ధ్రువ నక్షత్రం వైపు సరిచూసి పెట్టాలి. వరంగల్‌లో అది సుమారు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. హన్మకొండలో మా డాబా మీద అది పక్కింటి వాటర్ ట్యాంకు సందులోంచి దొరికింది. కన్ను పెట్టి చూసే ఐపీస్‌లో గురుగ్రహం మీది రెండు పట్టీలు, పక్కన నాలుగు చందమామలు చక్కగా కనిపించాయి.

కెమెరా తగిలించాక మొదలైంది అసలు కష్టం.

ఓరియన్ నెబ్యులా, అంటే ఓరియన్ నక్షత్రరాశిలోని వాయు ధూళి మేఘం, చూపిస్తానని వాడకట్టు పిల్లలందర్నీ పిలిచాను. స్క్రీన్ మీద ఒక్క చుక్కా చుక్కలా లేదు. ప్రతిదీ మధ్యలో బెజ్జం ఉన్న మినప వడ! ఫోకస్ సరిచేసే గొట్టాన్ని (ఫోకసర్) లోపలికి తిప్పుతుంటే వడ చిన్నదవుతోంది. ఇంకాస్త తిప్పితే చుక్కవుతుంది అనుకునేసరికి ఫోకసర్ చివరికొచ్చి ఆగిపోయింది. పిల్లలు చలికి ఒక్కొక్కరే దిగిపోయారు. ఒక పాప వెళ్తూ, "అంకుల్, ఇది పాడైందా?" అని అడిగింది. ఏడాది దాచిన డబ్బుతో కొన్న వస్తువు. బాపు టార్చ్ ఆర్పి, "రేపు చూద్దాం తియ్ బిడ్డా" అన్నాడు. నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు అమ్మిన షాపుకు ఫోన్ చేశాను. అవతలి మనిషి సగం కూడా వినలేదు. "మీకు కాలిమేషన్ రాదు సార్, అద్దం వెనక స్క్రూలు తిప్పండి" అని పెట్టేశాడు. కాలిమేషన్ అంటే అద్దాలను ఒక వరసలో సరిచేయడం. నమ్మి ఇంకో రెండు రాత్రులు తిప్పాను. చివరికి ఐపీస్‌లో గురుగ్రహం కూడా మసకబారింది. కొన్నవాడి మాట పూర్తిగా వినడం అమ్మేవాడి ధర్మం. అది లేనివాడి సలహా తీసుకోకండి.

నాలుగో రోజు పగలు స్కేలు పెట్టి కొలిచాను. నా కెమెరాలో లెన్స్ బిగించే అంచు నుంచి సెన్సర్ 44 మిల్లీమీటర్లు లోపల ఉంటుంది. కెమెరాను టెలిస్కోప్‌కు బిగించే టీ-రింగ్ కలిస్తే 55. దాని ముందు ఐపీస్ గొట్టంలో దూర్చిన అడాప్టర్ ఒకటి. అద్దం నుంచి వచ్చే వెలుగు సెన్సర్‌ దాకా రాకముందే కలిసిపోతోంది, అంతే. ఐపీస్ పట్టే ముక్కను విప్పితే కింద సన్నటి థ్రెడ్ ఉంది. టీ-రింగ్ నేరుగా అక్కడే బిగిసింది. దాదాపు మూడు సెంటీమీటర్లు తగ్గింది. అద్దంలో తప్పు లేదు, నాలోనూ లేదు. కదిపిన స్క్రూలను సరిచేయడానికి మాత్రం సాయంత్రమంతా పోయింది.

కొత్తగా కొన్నవాళ్లు రాత్రిదాకా ఆగకండి. పగలే కెమెరా తగిలించి దూరంగా ఉన్న సెల్ టవర్ మీద ఫోకస్ వస్తుందో లేదో చూడండి. సూర్యుడి వైపు మాత్రం గొట్టం తిప్పొద్దు.

ఆ రాత్రి 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌కు నెబ్యులా రెక్కలు విప్పింది, నడుమ తెల్లగా మాడింది. రెండు సెకన్లకు తగ్గిస్తే ఆ నడుమే నాలుగు చుక్కలు విడివిడిగా వచ్చాయి. పాపను మళ్లీ పిలిస్తే స్క్రీన్ మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. ఫోటో అంచుల్లో చుక్కలకు ఇంకా తోకలున్నాయి. వాటిని సరిచేసే కోమా కరెక్టర్ అనే కటకం కొనాలి. ఆ షాపులో మాత్రం కొనను.