అమ్మ చేతి మీది బుడిపె

అమ్మకి కీళ్లవాతం. మాత్రలతో పని జరగడం లేదని డాక్టరు గారు ఇంజెక్షన్ మొదలుపెడదామన్నారు, అంటూనే ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ టెస్ట్ (చర్మం మీద చేసే టీబీ పరీక్ష) రాశారు. "మోకాళ్ల నొప్పికి టీబీ పరీక్ష ఏందిరా, డబ్బులు గుంజడానికి కాకపోతే" అని అమ్మ దారి పొడుగునా గొణిగింది. నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం.

శుక్రవారం సాయంత్రం ముంజేతి చర్మంలోకి సన్న సూదితో ఓ చుక్క మందు ఎక్కించారు. అందులో ఉండేది బతికున్న క్రిమి కాదు, టీబీ బ్యాక్టీరియా ప్రొటీన్లు, అంతే. 48 నుంచి 72 గంటల లోపు చూడాలి, ఆదివారం ల్యాబ్ ఉండదు, అందుకని సోమవారం సాయంత్రం పరిగెత్తాం. అక్కడి కుర్రాడు ఎర్రగా కనిపించిందంతా స్కేలు పెట్టి కొలిచి 30 అని రాసేశాడు. డాక్టరు గారు ఆ కాగితం పక్కన పడేసి, బాల్‌పెన్ను తీసుకుని పక్కనుంచి బుడిపె వైపు మెల్లగా గీసుకుంటూ వచ్చారు. గట్టిగా తగిలిన చోట పెన్ను ఆగింది. అవతలి వైపు నుంచీ అలాగే. రెండు గీతల మధ్య 16 మిల్లీమీటర్లు, అంటే పాజిటివ్. ఎరుపు లెక్కలోకి రాదట, గట్టిదనమే లెక్క.

ఆ గట్టిదనం ఏమిటో ఇంటికొచ్చి చదువుకున్నాక నాకు ఆ పరీక్ష మీద గౌరవం పెరిగింది. ఆ ప్రొటీన్‌ని ఎప్పుడో చూసి గుర్తుపెట్టుకున్న టి కణాలు రక్తంలోంచి అక్కడికి చేరి, మిగతా తెల్లకణాల్ని పిలుచుకొచ్చి గుంపు కట్టడమే ఆ బుడిపె. కణాలు నడిచి రావాలి కాబట్టి రెండు మూడు రోజులు పడుతుంది. యాంటీబాడీల పనైతే నిమిషాల్లోనో గంటల్లోనో కనపడిపోయేది.

ఇమ్యూనిటీ అనగానే మనకి కోవిడ్ నుంచీ యాంటీబాడీలే గుర్తొస్తాయి కదా, టీబీ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. యాంటీబాడీ తిరిగేది రక్తంలో, కణాల బయట. టీబీ బ్యాక్టీరియా కాపురం పెట్టేదేమో మాక్రోఫేజ్ లోపల, అంటే క్రిముల్ని మింగి అరిగించుకోవాల్సిన కణం కడుపులోనే. మామూలుగా మింగిన క్రిమి ఓ సంచిలో పడుతుంది, ఆ సంచికి లైసోజోమ్ అనే అరిగించే రసాల తిత్తి వచ్చి కలుస్తుంది, ఆమ్లం, ఎంజైములు కలిసి పని పూర్తి చేస్తాయి. టీబీ ఆ కలయికనే అడ్డుకుంటుంది. పిహెచ్ 5 దాకా దిగి బాగా పుల్లబడాల్సిన సంచి 6 పైనే ఆగిపోతుంది, పైగా దీని గోడ మైనం పూసినట్టుంటుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, టి కణం మాత్రం పడుతుంది. మాక్రోఫేజ్ తన లోపలున్న క్రిమి ముక్కల్ని పైకి తెచ్చి చూపిస్తుంది, టి కణం గుర్తుపట్టి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం వదులుతుంది, దాంతో మొద్దుబారిన మాక్రోఫేజ్ మళ్లీ ఒళ్లు విరుచుకుంటుంది. పుట్టుకతోనే ఈ సంకేతం అందుకోలేని పిల్లలు కొందరుంటారు, వాళ్లకి టీబీ రాకుండా వేసే బీసీజీ టీకాలోని బలహీనమైన క్రిమే ప్రమాదం తెచ్చిపెడుతుంది. కుష్ఠు క్రిమిదీ ఇదే కుటుంబం. టి కణాలు సరిగ్గా స్పందించిన వాళ్ల ఒంట్లో క్రిములు వెతికినా దొరకవు, స్పందించని వాళ్లలో యాంటీబాడీలు దండిగా ఉంటాయి, క్రిములూ దండిగా ఉంటాయి!

1960లలో మాకనెస్ అనే శాస్త్రవేత్త లిస్టీరియా అనే ఇంకో లోపలి క్రిమితో ఎలుకల మీద ఇది తేల్చాడు. కోలుకున్న ఎలుక సీరం, అంటే యాంటీబాడీలుండే రక్తద్రవం, ఇస్తే కొత్త ఎలుకకి రక్షణ రాలేదు, దాని కణాలు ఇస్తే వచ్చింది. మన దగ్గర మాత్రం టీబీకి యాంటీబాడీ రక్తపరీక్షలు ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి, 2012లో గానీ ప్రభుత్వం ఆ కిట్లను నిషేధించలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక మోకాళ్లకీ దీనికీ సంబంధం. అన్నిసార్లూ టి కణాలు క్రిమిని చంపలేవు. అప్పుడు చుట్టూ కణాలు గోడలా పేరుకుని దాన్ని బంధిస్తాయి, గ్రాన్యులోమా అంటారు. ఆ గోడ నిలబడటానికి టీఎన్ఎఫ్ అనే పదార్థం కావాలి. కీళ్లు వాచేలా చేసేదీ ఆ టీఎన్ఎఫ్ఫే, అమ్మకి రాసిన ఇంజెక్షన్ ఆపేదీ దాన్నే. నొప్పి తగ్గుతుంది, గోడ కూలుతుంది. ఈ మందులు వాడకంలోకి వచ్చిన కొత్తలో కొందరికి టీబీ తిరగబెట్టాకే ఈ పరీక్ష ముందే చేయాలన్న నియమం గట్టిగా పట్టుకున్నారు.

"నాకెప్పుడొచ్చిందిరా టీబీ" అంది అమ్మ. రాలేదమ్మా, లోపల పడుకుని ఉండొచ్చు అన్నాను. ఉందని కూడా కచ్చితంగా చెప్పలేం, బుడిపె చెప్పేది టి కణాలకి జ్ఞాపకం ఉందని మాత్రమే. సోకిన వాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికే జీవితంలో ఎప్పుడో జబ్బుగా బయటపడుతుంది. కాసేపు మాట్లాడకుండా కూర్చుని, "మా మామ ఆరోగ్యవరంలో ఉండొచ్చినాడు కదా, నాకప్పుడు పన్నెండేండ్లు, ఆయన పక్కనే పండుకునేదాన్ని" అంది. మదనపల్లె దగ్గరి ఆ టీబీ ఆస్పత్రి (శానిటోరియం) పేరు మా వైపు పెద్దవాళ్లందరికీ తెలుసు. దేశంలో బీసీజీ టీకా 1948లో మొదలైంది ఆ మదనపల్లెలోనే. ఆ పక్క ఊళ్లోనే పుట్టిన అమ్మ భుజం మీద మాత్రం ఆ టీకా మచ్చ లేదు.

ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. లోపల పడుకున్న టీబీ లేవకుండా వారానికొకసారి మాత్రలు, పన్నెండు వారాలు. కీళ్ల ఇంజెక్షన్ కనీసం నెల తర్వాతే. "యాభై ఏండ్లు కిమ్మనకుండా ఉన్నదాన్ని ఇప్పుడు మీరు లేపినారు" అని సణుగుతూనే మొదటి డోసు వేసుకుంది. మర్నాడు పొద్దున్నే బాత్రూమ్ లోంచి ఒకటే కేక, మూత్రం నారింజ రంగులో వచ్చిందని. ఆ మాత్రలకి అలా అవుతుందని డాక్టరు గారు నాకు చెప్పారు, అమ్మకి చెప్పడం నేనే మర్చిపోయాను.